విప్పని ముడి

సీతాదేవి ఉదయం నుంచీ కాఫీ చుక్క ముట్టలేదు. బీన్స్ ఈనెలు తీద్దామని వంటింటి బల్ల మీద పరిచిన వారపత్రిక అలాగే ఉంది. బీన్స్ సంచిలోనే ఉన్నాయి. ఆవిడ చూపుడువేలు మాత్రం మొదటి పేజీలో ఉన్న ఫొటో మీద ఉంది, ఎంతసేపటికీ తీయడం లేదు.

ఆ పత్రికను బుధవారం బుధవారం ఎవరో ఊరికే గేట్లోంచి విసిరిపోతారు. ఇంట్లో దాన్ని చదివేవాళ్లు లేరు. కూరలు తరుక్కోవడానికి మాత్రం మహా పనికొస్తుంది. అలా పనికిరాకుండా పోయిన మొదటి బుధవారం ఇదే.

ఫొటోలో నారింజరంగు కోటు తొడుక్కున్న ఒక తెల్లావిడ, చేతులకు తొడుగులతో, గుడ్డ కట్టిన చిన్న మట్టికుండను ఎత్తి పట్టుకుని ఉంది. వెనక తలలు వంచుకున్న మనుషులు, వాగు, రెల్లు, ఆ వెనక సముద్రం. కింద ఏం రాశారో సీతాదేవికి తెలియదు. కానీ ఆ గుడ్డ అంచు పోల్చుకోవడానికి ఇంగ్లీషు ఎందుకు? పెళ్లయిన దగ్గర్నుంచీ తన చేత్తో ఉతికి ఆరేసిన పంచె అది.

"ఒరేయ్ ప్రసాదూ, ఈవిడ చేతిలో ఉన్నది మీ నాన్న కాదుట్రా?"

ఈశ్వరప్రసాద్ టై ముడి వేసుకుంటూ ఆగిపోయాడు. భార్య వంక చూశాడు. కాత్యాయని స్టవ్ వైపు తిరిగి, మరగని పాలను గరిటెతో కలుపుతూ నిలబడింది. ఆదివారం నుంచీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా తిరుగుతున్నారు. పెద్దావిడకు తెలియకుండా ఈ వారం గడిస్తే చాలనుకున్నారు. సగం వారమే గడిచింది.

సోమసుందరంగారు పోయి నెల దాటింది. నర్సాపురం లాంచీల రేవులో టిక్కెట్లిచ్చి రిటైరైన మనిషి, కొడుకు పిలిస్తే భార్యతో కలిసి ఈ పరాయి దేశంలో మెరూలా ఊరు చూడవచ్చి, ఒకనాడు నిద్రలోనే వెళ్లిపోయారు. అస్థికలు గోదావరికి తీసుకెళ్లాలని సీతాదేవి పట్టుబట్టింది. కానీ ఇక్కడ స్థిరపడే అనుమతి, ఆ పీఆర్ తేలేదాకా కొడుకు దేశం దాటలేడు. చివరికి నర్సాపురం పురోహితుడికి ఫోన్ చేస్తే, ఏరు సముద్రంలో కలిసే చోటు ఏ దేశంలోదైనా సంగమమే నాయనా అన్నాడాయన. కొత్త కుండలో పోసి, ఆయన కట్టుకున్న బట్టే చుట్టి, నడుంలోతు నీళ్లలోకి దిగి, ముడి విప్పి, దక్షిణం వైపు తిరిగి నీళ్లలో కలిపి, కుండ వదిలేసి, ఇక వెనక్కి చూడకుండా వచ్చెయ్యమన్నాడు.

శనివారం తెల్లవారాక ముగ్గురూ వెళ్లారు. వాగు మొగ దగ్గర ఈశ్వరప్రసాద్ నీళ్లలోకి దిగాడు. ఆడవాళ్లిద్దరూ ఒడ్డున నిలబడి, అతను రావడం చూసి ముందే నడక మొదలుపెట్టారు. వెనక్కి ఎవరూ చూడలేదు. చూడకూడదు కదా. చూసి ఉంటే, పోటు మీదున్న సముద్రం ఆ కుండను మళ్లీ వాగులోకే తోసుకొస్తున్న సంగతి కనబడేది.

మర్నాడు ఆదివారం. మార్చి మొదటి ఆదివారం ఊరంతా క్లీనప్ డే. పిల్లా పెద్దా సంచులు పట్టుకుని తీరం వెంట ప్లాస్టిక్ ఏరతారు, ఇసుకదిబ్బల మీద కలుపు పీకుతారు, చివర సాసేజ్‌లు కాల్చుకు తింటారు. అక్కడ వాగు గట్టు రెల్లులో ఫొటోలోని తెల్లావిడ బెవర్లీకి ఆ కుండ దొరికింది. ఇసుకదిబ్బల వాలంటీర్ల దండుకు ఆవిడే పెద్ద. ఆవిడ పక్కనే, అదే నారింజరంగు కోటు వేసుకుని ఉన్నది కాత్యాయని.

"మాట్లాడవేంరా?" అంది సీతాదేవి.

"అమ్మా, అది ఎవరిదో. ఇక్కడ మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు."

"మనవాళ్లందరూ మీ నాన్న పంచె కట్టుకున్నారా?"

ఇరుకున పడ్డప్పుడు గొంతు పెంచడం ఈశ్వరప్రసాద్‌కి అలవాటు. పెంచాడు కూడా. ఊరి కౌన్సిల్లో తన కాంట్రాక్టు రెన్యూవల్ మీటింగు ఇవాళే ఉందనీ, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న ఆ వైటూకే భయం తీరిపోయాక కంప్యూటర్ మనుషులంటేనే వాళ్లకు లోకువైపోయిందనీ అరిచాడు. జనవరి ఒకటిన దీపాలన్నీ వెలిగితే, ఈ మాత్రానికి ఇంతమందిని పెట్టుకున్నామా అని మొహం మీదే అంటున్నారన్నాడు. క్లీనప్ డే నడిపేది కౌన్సిలే, శనివారం జరిగే తీరం పండుగ నడిపేదీ కౌన్సిలే, ఆ వాగులో ఏదైనా వదిలితే జరిమానా వేసేదీ కౌన్సిలే. పోలీసుల దగ్గరున్న ఆ కుండ మాది మహాప్రభో అని వెళ్లి చేతులు కట్టుకుని నిలబడితే కాంట్రాక్టూ పోతుంది, పీఆరూ పోతుంది, అప్పుడు అందరం కలిసి నర్సాపురం రేవులో కూర్చోవచ్చు అన్నాడు.

అతని భయంలో ఎంత నిజముందో అతనికీ తెలియదు. పరాయి దేశంలో చట్టం తెలియనివాడికి ప్రతి బోర్డూ తన గురించే రాసినట్టుంటుంది.

సీతాదేవి అంతా విని, నెమ్మదిగా అడిగింది.

"నీళ్లలో కలిపేస్తే ఒట్టి కుండ దొరకాలి. గుడ్డ కట్టి ఉందేవిట్రా?"

పాలు పొంగాయి. కాత్యాయని స్టవ్ కట్టేసి మొగుడి వంక తిరిగింది. ఈ ప్రశ్న ఆమెకు ఆదివారమే తట్టింది. అడిగే ధైర్యం లేక ఊరుకుంది.

"ముడి విప్పావా లేదా?"

ఈశ్వరప్రసాద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పటిదాకా అరిచిన గొంతు ఎక్కడికి పోయిందో పోయింది.

"ఎవడో కుక్కని పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడమ్మా. మా ఆఫీసువాడేమో అనుకున్నాను. పంచె కట్టుకుని, ఒళ్లంతా తడిసి... చూస్తే ఏమనుకుంటాడో అని. ముడి బిగిసిపోయింది, రాలేదు. అలాగే నీళ్లలో పెట్టేసి వచ్చేశాను."

"మంత్రం?"

"చెప్పలేదు."

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కొడుకు తిట్టు కోసం కూర్చున్నాడు, అది కూడా దక్కలేదు. పేపరు మీది వేలు తీసి, దాన్ని మడిచి, ఒళ్లో పెట్టుకుంది. కన్నకొడుకు సిగ్గుపడ్డ తండ్రిని ఆవిడ ఒళ్లోకి తీసుకున్నట్టే అనిపించింది కాత్యాయనికి.

"పోలీసుల దగ్గరుందిట కదా. వెళ్లి తెచ్చుకుందాం పద," అంది సీతాదేవి.

"కుదరదమ్మా. చెప్పాను కదా." అతను లేచాడు. గుమ్మం దాకా వెళ్లి, భార్య వైపు తిరిగి, తను లేనప్పుడు స్టేషన్ గుమ్మం తొక్కితే ఊరుకునేది లేదన్నాడు. "నువ్వు ఆదివారం చెప్పిన మాట మీదే ఉండు," అన్నాడు.

తలుపు మూసుకుంది. కారు వెళ్లిపోయింది.

"ఆదివారం ఏం చెప్పావే నువ్వు?" అని అత్తగారు అడుగుతుందని కాత్యాయని బిక్కచచ్చి నిలబడింది. ఆవిడ అడగలేదు. వినలేదో, విని కూడా ముందు తన మొగుడి అస్థికల సంగతి చూడాలనుకుందో తెలియలేదు.

ఆదివారం ఆమె చెప్పింది ఒక్క ముక్కే. బెవర్లీ కుండను ఎత్తి, గుడ్డ కాస్త తప్పించి, లోపల బూడిద చూసి, అందరిలోకీ ఆమెనే అడిగింది. 'కాత్యా, ఇది మీవాళ్ల ఆచారమేమైనా అయి ఉంటుందా? నీకేమైనా తెలుసా?' అడిగిన తీరులో నిందేమీ లేదు. చుట్టూ పాతికమంది సంచులు దించి ఆమె వంకే చూశారు. వచ్చే శనివారం తీరం పండుగలో పిల్లల చేత ఇసుక మీద ముగ్గు వేయించబోయేది ఆమే. కౌన్సిల్ అచ్చేసిన పండుగ కరపత్రం మీద ఉన్నదీ ఆమె ఫొటోనే. ఈ ఊళ్లోకి వచ్చాక మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచే మనుషులు దొరికారు. ఆ చూపులన్నిటి మధ్యా మామగారి పంచె అంచును పోల్చుకుని, తెలియదంది.

ఆ తర్వాత సాసేజ్‌లు కాలేదాకా వంచిన తల ఎత్తకుండా సీసా మూతలు ఏరింది. ఎన్ని ఏరినా ఆ ఒక్క ముక్కా తిరిగి నోట్లోకి రాలేదు.

ఫోన్ మోగింది. అవతల ఆరిఫా. హైదరాబాదు నుంచి వచ్చి ఈ ఊళ్లో మందుల షాపులో పనిచేస్తుంది. ఇసుకదిబ్బల దండులో కాత్యాయనిని చేర్చిందీ, ఇంటికి వచ్చి వంట రుచి చూసిపోయేదీ ఆమే. ఎప్పుడూ నవ్వుతూ మొదలుపెట్టే మనిషి ఇవాళ నవ్వలేదు.

"కాత్యాయనీ, జర ఇను. ఫిజీ అంకుల్‌ని పొద్దుగాల జెట్టీ కాడికెళ్లి పోలీసోళ్లు తీస్కపోయిన్రు."

"దేవనారాయణ్ అంకుల్‌నా? ఎందుకు?"

"ఎందుకేంది? ఆ కుండ ఆయనదే అంటున్నరు అందరూ. బండల మీద కర్పూరం ముట్టిస్తడు గద రోజూ, గది చూసిన్రు. బెవర్లీ అయితే శనివారం ఫంక్షన్‌కి ఆయన రాకుంటేనే మంచిదన్నది." గొంతు తగ్గించింది. "నేను నీ పక్కనే ఉన్న గద ఆదివారం. నీ మొకం చూసిన. నాకైతే అప్పుడే సమజైంది. నువ్వే చెప్తవని చూసిన ఇన్ని దినాలు."

కాత్యాయని రిసీవరును రెండో చెవికి మార్చుకుంది.

"నేనేం అనను. మీ ఇంటి సంగతి. కానీ పెద్దమనిషి స్టేషన్ల కూసున్నడు, గది మాత్రం మంచిగ లేదు. కారు తీస్కొని రానా?"

దేవనారాయణ్ ఫిజీలో కుర్రతనంలో చెరకు నరికి, తొంభైలలో ఇటు వలస వచ్చి, చిన్న పడవ మీద చేపలు పడతాడు. తాతముత్తాతలు విశాఖ వైపు నుంచి కూలికి ఓడ ఎక్కినవాళ్లు. ఆయనకు మిగిలిన తెలుగు గుప్పెడు. ఆ గుప్పెడు తెలుగు కోసం సోమసుందరంగారు రోజూ పొద్దున్నే జెట్టీకి వెళ్లి ఆయన పక్కన కూర్చునేవారు. లాంచీలూ పోటూ పాటూ తెలిసిన ఇద్దరికి భాష ఎంత కావాలి గనక. ఇంట్లో మాత్రం ఆ స్నేహం గిట్టేది కాదు. ఆయన ఒకసారి ప్రేమగా రెండు చేపలు పంపితే, సీతాదేవి సంచీని గేటు బయటే పెట్టించి, గేటుకు నీళ్లు కొట్టించింది.

ఆ దేవనారాయణే, నిమజ్జనం సంగతి తెలిసి ఇంటికి వచ్చాడు. వాగు మొగలో పోటు వేళ వద్దనీ, తన పడవ మీద సముద్రం లోపలికి తీసుకెళ్తాననీ చెప్పాడు. ఈశ్వరప్రసాద్ నసుగుతూ తల్లి వంక చూశాడు. "చేపల పడవలోనా?" అంది సీతాదేవి, గుమ్మంలోంచి వినబడేట్టుగానే. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఫోన్ పెట్టేసి కాత్యాయని ఇదంతా అత్తగారికి చెప్పింది. తాను తెలియదన్న ముక్క తప్ప అన్నీ చెప్పింది.

సీతాదేవి పేపరు పక్కన పెట్టి లేచింది. "మనం వదిలేసిన శవానికి ఆయన జవాబు చెప్తున్నాడా?" అంది. లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. మొగుడు పోయాక గుమ్మం దాటడం ఆ నిమజ్జనం తర్వాత ఇదే. గుమ్మంలో చెప్పులు వేసుకుంది.

"ఆయనకి తెలిస్తే..." అంది కాత్యాయని, మొగుణ్ణి ఉద్దేశించి.

"తెలియనీ. వాడు కౌన్సిలుకి భయపడతాడు. నేనెవరికి భయపడాలి?"

ఆరిఫా కారు తీసుకొచ్చింది. వెనక సీట్లో అత్తగారు కిటికీ పట్టుకుని కూర్చుంది. తీరం రోడ్డు పొడుగునా పండుగ తోరణాలు కడుతున్నారు. పాత ప్లాస్టిక్ సంచులతో బడిపిల్లలు చేసిన చేపలూ తాబేళ్లూ దీపస్తంభాలకు వేలాడుతున్నాయి. ఒక స్తంభానికి కాత్యాయని ఫొటో ఉన్న కరపత్రం కూడా అంటించి ఉంది. ఆమె చూపు తిప్పుకుంది. ఈ దారి ఇంకాస్త పొడుగుంటే బాగుండుననుకుంది. స్టేషన్‌లో నిజం చెప్పడం ఆమెకు కష్టంగా లేదు. ఆ నిజాన్ని అత్తగారి ముందు చెప్పాల్సి రావడమే ఆమె ప్రాణానికి వచ్చింది.

స్టేషన్ ముందు దించి, ఆరిఫా కారు పెట్టడానికి వెళ్లింది.

లోపల బల్ల వెనక ఉన్న పోలీసు యాభై దాటినవాడు, ఎర్రగా, శాంతంగా ఉన్నాడు. కాత్యాయని ఇంగ్లీషులో, వాగులో దొరికిన కుండ కోసం వచ్చామంది. అతను కళ్లజోడు సర్దుకుని, మీరు ఆలస్యంగా వచ్చారు, దాని తాలూకు మనిషి ఒప్పుకున్నాడు అన్నాడు. పోయిన వ్యక్తి తన అన్నగారని చెప్పి దేవనారాయణ్ వాంగ్మూలం ఇచ్చాడట. అనుమతి లేకుండా వాగులో వదిలినందుకు జరిమానా కట్టడానికి ఒప్పుకున్నాడట. బూడిద సంగతి దహనవాటికకు ఫోన్ చేసి కనుక్కోవాలనుకున్నామనీ, ఇప్పుడిక ఆ అవసరం కనబడటం లేదనీ, కుండ ఆయనకే ఇచ్చి పంపిస్తున్నామనీ చెప్పాడు.

ఇప్పుడు నిజం చెబితే పోలీసులకు అబద్ధం చెప్పిన వాడవుతాడు దేవనారాయణ్. చెప్పకపోతే మామగారు పరాయివాడి అన్నగా ఈ దేశంలో మిగిలిపోతారు. మంచి చేయబోయిన మనిషి మెడకు కాత్యాయని మాటే ఉరి అయ్యేట్టుంది.

"ఏవంటున్నాడే? ఇస్తాడటా?" అంది సీతాదేవి.

"దేవనారాయణ్ గారు... మామయ్యగారు తన అన్నగారని చెప్పారట అత్తయ్యా. తప్పు తన మీద వేసుకున్నారు. మనం కాదంటే ఆయన్ని పట్టుకుంటారేమో."

సీతాదేవి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎవరికీ చెప్పకుండా వెనక్కి వెళ్లిపోదామంటుందేమోనని ఒక్క క్షణం కాత్యాయని ఆశపడింది కూడా.

"ఆయన నా మరిది అని చెప్పు," అంది సీతాదేవి.

"అత్తయ్యా?"

"అన్న పెళ్లాన్ని. అస్థికలు తీసుకోవడానికి మరిదితో పాటు నేనూ వచ్చానని చెప్పు. చెప్పవే."

కాత్యాయని చెప్పింది. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. చేపల సంచీకి గేటు కడిగించిన మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చింది మరి. పోలీసు ముఖం మెత్తబడింది. మీకు కలిగిన నష్టానికి విచారిస్తున్నానని సీతాదేవి వంక తల వంచి, లోపల ఎవరినో కేకేసి కుండతో పాటు ఆయన్ని తీసుకురమ్మన్నాడు. సీతాదేవి కోడలి చెయ్యి పట్టుకుంది. గండం గడిచిందనుకుంది కాత్యాయని.

అప్పుడతను ఆమెనే తేరిపార చూశాడు. బల్ల మీదున్న వారపత్రికను తన వైపు తిప్పుకున్నాడు. ఫొటోలో బెవర్లీ వెనక, నారింజరంగు కోటులో, తల వంచుకున్న ఒక నల్లజడ. మళ్లీ కాత్యాయనిని చూశాడు. గొంతు పెంచలేదు. ఆదివారం నేనూ అక్కడికి వచ్చానన్నాడు. ఇది ఏమిటో తెలుసా అని బెవర్లీ అడిగింది మిమ్మల్నే కదా, తెలియదని నలుగురి ముందూ చెప్పింది మీరే కదా, మరి మీ ఇంటి మనిషే అయితే అలా ఎందుకు చెప్పారని అడిగాడు.

"మళ్లీ ఏవిటంటాడు?" అంది సీతాదేవి.

ఏదైనా చెప్పవచ్చు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు, ఆరిఫా ఇంకా బయటే ఉంది. సంతకం పెట్టమంటున్నాడనవచ్చు, అడ్రసు అడుగుతున్నాడనవచ్చు. ఆదివారం నుంచీ కాత్యాయని ఇలాంటి సందు కోసమే వెతుకుతోంది. దొరికేసరికి దానిలోంచి వెళ్లాలనిపించలేదు. అతను అడిగినదంతా, ఒక్క ముక్క దాచకుండా, తెలుగులో చెప్పింది.

సీతాదేవి చెయ్యి వదిలేసింది.

"పంచె చూశావా?"

"చూశాను."

"చూసే తెలియదన్నావా?"

కాత్యాయని తల ఊపింది.

లోపలి తలుపు తెరుచుకుంది. దేవనారాయణ్ కుండను పొట్టకు ఆనించుకుని, రెండు చేతులూ చుట్టి, మెల్లగా నడిచి వచ్చాడు. సీతాదేవిని అక్కడ చూసి తడబడ్డాడు. ఆడవాళ్లలో దగ్గరగా ఉన్న కాత్యాయని వైపు కుండను చాచాడు. ఆమె చేతులు ముందుకు చాపింది.

"నువ్వు ముట్టుకోకు," అంది సీతాదేవి.